చేట, కళ్ళాపి, జల్లెడ: డీజిలు బండి ఊపిరి కథ

మురికిని వేరుచేసే పనికి తెలుగులో ఎన్ని క్రియలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? బియ్యాన్ని చెరుగుతాం. పిండిని జల్లిస్తాం. కాఫీని వడగడతాం. కళ్ళంలో ధాన్యాన్ని తూర్పారబడతాం. బురదనీటిని తేరనిస్తాం. వాకిట్లో దుమ్ము లేవకుండా కళ్ళాపి చల్లుతాం. ఇన్ని మాటలుండగా ‘ఫిల్టర్’ అనే ఒక్క ఆంగ్లపదానికి ‘వడపోత’ అని రాసుకుని ఊరుకున్నాం. వడపోత నీటికీ నూనెకూ సంబంధించిన మాట. గాలిని వడపోయడమేమిటన్న సందేహం నన్ను చాలాకాలం పట్టి పీడించింది. తీరా ఆ యంత్రభాగం చరిత్రలోకి దిగి చూస్తే ఒక విశేషం బోధపడింది. గత వందేళ్ళలో ఇంజనీర్లు ఇంజనుకు శుభ్రమైన గాలి అందించడానికి పట్టిన దారులు ముఖ్యంగా మూడు. ఆ మూడూ మన అవ్వల చేతిపనులే: చేట, కళ్ళాపి, జల్లెడ.

ఈ చరిత్రను నేను చూడదలచిన కిటికీ చాలా చిన్నది. అమెరికాలో డీజిలు పికప్పు బండ్ల యజమానులకు ఒక అలవాటుంది. బండితో పాటు కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టరును తీసేసి, దానికి రెండింతలో మూడింతలో ఉన్న ఫిల్టరును బయట కొని, బానెట్ కింద చోటు వెదికి మరీ బిగించుకుంటారు. పైకి ఇది కుర్రకారు సరదాలాగానే కనిపిస్తుంది. లోతుకు వెళితే అందులో ఒక పాత తగవు ఉంది. యంత్రానికి ఎక్కువ ఊపిరి కావాలా, శుభ్రమైన ఊపిరి కావాలా? రెండూ కావాలంటే చెల్లించవలసిన మూల్యమేమిటి?

ముందుగా ఆ ఊపిరి ఎంతటిదో చూద్దాం. ఒక లీటరు డీజిలు పూర్తిగా మండడానికి రమారమి 12 కిలోల గాలి కావాలి. అంటే పదివేల లీటర్ల గాలి. ఇది కనీసపు లెక్క. డీజిలు ఇంజను ఎప్పుడూ అవసరానికి మించి గాలి పీలుస్తుంది. సాంప్రదాయికమైన డీజిలు ఇంజనులో, పెట్రోలు ఇంజనులో లాగా గాలికి అడ్డుతలుపు ఉండదు. డ్రైవరు కాలితో తొక్కి నియంత్రించేది ఇంధనాన్నే కాని గాలిని కాదు. 7.3 లీటర్ల ఇంజను నిమిషానికి 2,600 చుట్లు తిరుగుతోందనుకోండి. టర్బో సహాయం లేకుండానే నిమిషానికి దాదాపు 9,500 లీటర్ల గాలిని మింగుతుంది. టర్బో తోడైతే ఆ ఆకలి ఇంకా పెరుగుతుంది. కుదురుగా కూర్చున్న మనిషి నిమిషానికి పీల్చేది ఆరేడు లీటర్లు. అంటే ఒక్క పికప్పు బండి ఒక ఊరంత జనం పీల్చే గాలిని తానొక్కటే పీలుస్తూ పోతుందన్నమాట.

ఆ గాలితో పాటు దుమ్ము వస్తుంది. నేలదుమ్ములో ప్రధానంగా ఉండేది క్వార్ట్జ్, అంటే ఇసుక. కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్దపై దాని స్థానం 7. ఇంజను సిలిండరు గోడల పోత ఇనుము దానికి లోకువ. పిస్టను రింగుకూ సిలిండరు గోడకూ నడుమ ఉండే నూనెపొర కొద్ది మైక్రాన్ల మందం. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, ఆ పొర ఎంత పలుచనో ఊహించుకోవచ్చు. కంటికి కనబడని 10 మైక్రాన్ల ఇసుకరేణువు ఆ సందులో చేరి గరుకు కాగితంలా లోహాన్ని అరగదీస్తుంది. అరిగిన లోహపు పొడి నూనెలో కలిసి మరికొంత అరగదీస్తుంది. ఇలా పోయిన ఇంజనును అక్కడి మెకానిక్కులు ‘డస్టయింది’ అంటారు. దుమ్ము కొట్టిన ఇంజను అని మనం అనుకోవచ్చు.

మొదటి తరం మోటారు బండ్ల కాలంలో గాలి శుభ్రతను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఈ సమస్యను ముందుగా ఎదుర్కొన్నవాడు పట్నంలో కారు నడిపే ధనవంతుడు కాదు, రైతు. ట్రాక్టరు తాను లేపిన దుమ్ములోనే తాను నడవాలి. దున్నే నేల ఎండినదైతే ఆ దుమ్ము ముందు దాని ఇంజనుకే చేరుతుంది. అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ఇంజనీరు ట్రాక్టర్లు అమ్మే ఉద్యోగంలో ఉండగా రైతుల పొలాల్లో ఇంజన్లు దుమ్ముకు పాడైపోవడం చూసి, వాటికొక గాలిశుద్ధి సాధనం తయారుచేశాడు. 1915 లో ఆయన పేరుతోనే ఒక సంస్థ వెలిసింది. ఆ సంస్థ నేటికీ ప్రపంచంలోని పెద్ద ఫిల్టరు తయారీ సంస్థల్లో ఒకటి. నాగలి వెనక పుట్టిన వస్తువు ఇది అన్న సంగతి నాకు ఎందుకో చాలా నచ్చింది.

ఆ తరువాత కొన్ని దశాబ్దాలు రాజ్యమేలినది కళ్ళాపి పద్ధతి. ఆయిల్ బాత్ అంటారు. ఒక డొప్పలో నూనె పోసి, వచ్చే గాలిని దాని ఉపరితలానికి తాకించి ఒక్కసారిగా మలుపు తిప్పుతారు. గాలి తేలిక కనుక తిరుగుతుంది. దుమ్ము బరువు కనుక తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలినది పైనున్న నూనె తడిసిన తీగల వలలో చిక్కుకుంటుంది. మన పల్లెల్లో ట్రాక్టరున్న ఇంట పుట్టినవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. నూర్పిళ్ళ కాలంలో ఆ డొప్ప విప్పి, అడుగున పేరుకున్న నల్లటి బురద గీకి, కొత్త నూనె గీతదాకా పోయడం చాలా ఇళ్ళలో చూసినదే. కొనవలసిన భాగమేదీ లేకపోవడం దీని సుగుణం. లోపం కూడా ఉంది. గాలి వేగంగా వస్తేనే దుమ్ము విసురుగా వెళ్ళి నూనెలో పడుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ విసురు తగ్గి సన్నదుమ్ము లోపలికి జారిపోతుంది.

రెండవ ప్రపంచయుద్ధం ఈ తగవును ఎడారికి తీసుకువెళ్ళింది. ఉత్తర ఆఫ్రికా ఇసుకలో యుద్ధం చేసిన ప్రతి సైన్యానికీ దుమ్ము మరొక శత్రువైంది. బ్రిటిషువారు తమ స్పిట్‌ఫైర్ విమానాలను ఎడారికీ మాల్టా ద్వీపానికీ పంపవలసివచ్చినప్పుడు వాటి ముక్కు కింద వోక్స్ అనే సంస్థ చేసిన పెద్ద ఫిల్టరును అమర్చారు. ఇంజను దక్కింది. కాని ముక్కు కింద గడ్డంలా ఉబ్బిన ఆ తొడుగు గాలికి అడ్డంపడి విమానం వేగాన్నీ, పైకెక్కే సామర్థ్యాన్నీ తగ్గించివేసింది. ఆకాశంలో ప్రాణం నిలిచేది ఆ వేగంపైనే కదా! అప్పుడు ఈజిప్టులోని అబూకిర్ వద్దనున్న వైమానికదళపు మరమ్మతు కేంద్రంలో పనివారు తామే చిన్నదైన, గాలిని అంతగా అడ్డుకోని మరొక ఫిల్టరును రూపొందించారు. దాని పేరే అబూకిర్ ఫిల్టరు. కంపెనీ ఇచ్చిన ఫిల్టరు చాలదని తీసివేసి తమకు తగినది తామే చేసుకున్న ఆ మెకానిక్కులను నేటి పికప్పు యజమానులకు పూర్వీకులనవచ్చు. తేడా ఒక్కటే. వీరు పెద్దదానిని తీసి చిన్నది పెట్టారు, వారు చిన్నదానిని తీసి పెద్దది పెడుతున్నారు. ఎందుకంటే ఆకాశంలో చోటుకు ఖరీదుంది. బానెట్ కింద చోటు ఉచితం.

అదే యుద్ధంలో జర్మనులు తమ టైగర్ ట్యాంకుల వెనక భాగాన ఫైఫెల్ అనే గాలిశుద్ధి పరికరాన్ని తగిలించారు. ఇది చేట పద్ధతి. కచ్చితంగా చెప్పాలంటే తూర్పారబట్టడం. గాలిని గొట్టంలో సుడులు తిప్పితే బరువైన దుమ్ము అంచులకు విసిరివేయబడుతుంది, శుభ్రమైన గాలి నడుమ నుండి లోపలికి పోతుంది. కళ్ళంలో చేట ఎత్తి పోసినప్పుడు గట్టిగింజ దగ్గరగా, పొల్లు దూరంగా పడే సూత్రమే ఇక్కడ తిరగబడింది. బయట ఎక్కువగా కనబడే ఆ గొట్టాలను 1943 లో తయారీ నుంచి తప్పించారు. కాని సుడిగాలి పద్ధతి పోలేదు. నేటికీ పెద్ద ట్రాక్టర్లలో, మట్టి తవ్వే యంత్రాలలో అసలు ఫిల్టరుకు ముందు ఒక సుడిగొట్టం కాపలా ఉంటుంది. ముతక దుమ్మును అదే విసిరివేస్తుంది.

ఇక మూడవది జల్లెడ. 1950 ల చివరికల్లా మడతలు పెట్టిన కాగితపు ఫిల్టరు అమెరికా కార్లలోకి వచ్చి ఆయిల్ బాత్‌ను నెమ్మదిగా గెంటివేసింది. జల్లెడ అన్నాను కాని ఆ పోలిక సగమే నిజం. జల్లెడలో కన్నం కంటె పెద్దది ఆగుతుంది, చిన్నది దిగిపోతుంది. కాగితపు ఫిల్టరులో అలా కాదు. దాని పోగుల నడుమ సందుల కంటె చిన్న రేణువులు కూడా ఆగిపోతాయి. బరువైనవి మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటాయి, కొన్ని పక్కగా పోతూ రాసుకుని అంటుకుంటాయి, మరీ సన్నవి గాలి అణువుల తాకిడికి అటూఇటూ కొట్టుకుంటూ పోగుల మీద వాలతాయి. ఇంకొక చమత్కారముంది. కొత్త ఫిల్టరు కంటె కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టరే బాగా పనిచేస్తుంది. పేరుకున్న దుమ్ముపొర తానే మరొక జల్లెడవుతుంది. మన లారీ షెడ్డుల్లో వారానికొకసారి ఫిల్టరును తీసి టైరుకేసి కొట్టి, గాలిగొట్టంతో ఊది, శుభ్రం చేశామని తృప్తిపడడం నిజానికి దానికి చేసే అపకారం. ఆ దెబ్బలకు కాగితం చిట్లినా, మడతల అంచున జిగురు ఊడినా కంటికి కనబడదు. ఇంజనుకు మాత్రం తెలుస్తుంది.

జల్లెడ మంచిదో కాదో తేల్చడానికి ఒకే రకమైన దుమ్ము కావాలి. ఆ అవసరంలోంచి అరిజోనా రాష్ట్రపు సాల్ట్ రివర్ లోయ దుమ్ము ప్రపంచప్రసిద్ధమైంది. దానిని సేకరించి, రేణువుల పరిమాణాన్ని బట్టి వేరుచేసి, సన్నమనీ ముతకమనీ పేర్లు పెట్టి పరీక్షశాలలకు అమ్మడం దశాబ్దాలుగా సాగుతోంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో దానికి ఒక సంఖ్య కూడా ఉంది, 12103. దానితో ఫిల్టరును పరీక్షించే పద్ధతికి సంఖ్య 5011. దుమ్మును డబ్బుపెట్టి కొనే కాలం వస్తుందని ఏ వేమన శిష్యుడైనా ఊహించి ఉంటాడా!

జల్లెడ స్వభావం లోకానికి బాగా తెలిసివచ్చిన రోజు 1980 మే 18. వాషింగ్టన్ రాష్ట్రంలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బద్దలై తూర్పున వందల మైళ్ళ మేర బూడిద కురిసింది. యాకిమా పట్టణంలో పట్టపగలే చీకటి కమ్మింది. రోడ్లమీద కార్లు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఫిల్టర్లు బూడిదతో పూడుకుపోయి ఇంజన్లకు ఊపిరాడలేదు. జనం ఫిల్టరును తిట్టుకొని ఉంటారు. కాని పూడుకుపోయిన ఫిల్టరు తన ధర్మం తాను నిర్వర్తించిందనే చెప్పాలి. మంచి ఫిల్టరు చివరికి ఊపిరినైనా ఆపుతుంది కాని దుమ్మును లోపలికి రానివ్వదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలిన చర్చంతా తేలికవుతుంది.

ఇప్పుడు పికప్పుల దగ్గరకు వద్దాం. అమెరికాలో పికప్పు బండి అంటే మన వైపు కూరగాయల బుట్టలు మోసే చిన్న బండి కాదు. పశువుల పెట్టెనూ, పడవనూ, చక్రాలమీది ఇంటినీ వెనక తగిలించుకుని లాగే దిట్టమైన వాహనం. జనరల్ మోటర్స్ 1978 లో పికప్పుల్లో 5.7 లీటర్ల డీజిలు ఇంజను పెట్టింది. దానికి మంచిపేరు రాలేదు. ఫోర్డు 1983 లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి 6.9 లీటర్ల ఇంజనును తెచ్చింది. 1989 లో డాడ్జ్ సంస్థ కమిన్స్ వారి 5.9 లీటర్ల టర్బో ఇంజనుతో పికప్పును విడుదల చేసింది. 160 అశ్వశక్తి, 400 పౌండు-అడుగుల తిప్పుడుబలం. లారీలకూ పొలం యంత్రాలకూ పుట్టిన ఇంజను ఇంటిబండిలోకి దిగింది. 1994 లో ఫోర్డు, నావిస్టార్ వారు చేసిన 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్‌ను ప్రవేశపెట్టి 2003 దాకా అమ్మింది. ఈ ఇంజన్ల ఇంధనం మోతాదును చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెతో పెంచడం తేలిక. ఇంధనం పెరిగితే గాలి పెరగాలి, లేకపోతే నల్లపొగ. అలా అందరి దృష్టీ బానెట్ కిందనున్న ఫిల్టరు డబ్బా మీద పడింది.

వారి ముందు రెండు దారులున్నాయి. మొదటిది జల్లెడ కన్నాలు పెద్దవి చేయడం. 1969 లో కాలిఫోర్నియాలో నార్మ్, కెన్ అనే ఇద్దరు మోటారుసైకిలు పందేలవారు తమ పేర్ల మొదటి అక్షరాలతో ‘కె అండ్ ఎన్’ అనే సంస్థను నెలకొల్పారు. నూలుగుడ్డ పొరలకు నూనె పట్టించి చేసిన వారి ఫిల్టరు గాలిని ధారాళంగా వదులుతుంది, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. ఒక విధంగా ఇది కళ్ళాపినీ జల్లెడనూ కలిపిన ఉపాయం. పందెం బండికి ఇది చక్కగా సరిపోతుంది. ఆ ఇంజనును పందెం పందేనికీ విప్పి చూస్తారు. మూడు లక్షల మైళ్ళు తిరగవలసిన పశువుల బండి సంగతి వేరు.

ఇక్కడ శాతాలు మనలను మోసం చేస్తాయి. ఒక ఫిల్టరు 99.9 శాతం దుమ్మును ఆపుతుంది, మరొకటి 97 శాతం ఆపుతుంది అంటే, పరీక్షలో వచ్చిన మార్కుల్లాగా రెండూ ప్రథమశ్రేణే అనిపిస్తాయి. ఆగినది చూడకండి, దాటినది చూడండి. మొదటిదానిలో దాటినది 0.1 శాతం, రెండవదానిలో 3 శాతం. ముప్ఫై రెట్లు తేడా! ఎదుటి మనిషి కనబడనంత దుమ్ములో ఘనమీటరు గాలికి ఒక గ్రాము దుమ్ముంటుందని పరీక్షశాలల లెక్క. ఆ దుమ్ములో మన 7.3 లీటర్ల ఇంజను గంటసేపు నడిస్తే ఫిల్టరు ముందుకు 570 గ్రాముల దుమ్ము చేరుతుంది. మొదటి ఫిల్టరు దాటి లోపలికి పోయేది అర గ్రాము చిల్లర. రెండవదానిని దాటేది 17 గ్రాములు, అంటే మూడు చెంచాల పైచిలుకు ఇసుక. తారురోడ్డు మీద ఇంత దుమ్ము ఉండదు కనుక పట్నవాసి ఏ ఫిల్టరు వాడినా పెద్దగా తేడా కనబడకపోవచ్చు. పొలాల నడుమ మట్టిబాటల మీద తిరిగేవాడికి మాత్రం ఇది ఇంజను ఆయుర్దాయపు లెక్క.

రెండవ దారి కన్నాలను అలాగే ఉంచి జల్లెడను పెద్దది చేయడం. ఇదే నా దృష్టిలో ఈ కథకు ఆయువుపట్టు. 7.3 లీటర్ల ఫోర్డు బండిలో కంపెనీ అమర్చిన ఫిల్టరు పలకలాంటిది. దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ డబ్బా మూత సరిగా బిగియకపోతే అంచుల వెంట దుమ్ము జారి నేరుగా టర్బో రెక్కలకు తగులుతుందన్న ఫిర్యాదు యజమానుల్లో ఉండేది. కాగితం ఎంత మంచిదైతేనేం, చేట పక్కనుంచి బియ్యం జారిపోతుంటే! దానికి విరుగుడుగా వారు పెద్ద వాహనాల కోవకు చెందిన ఒక శంఖాకారపు కాగితపు ఫిల్టరును వెదికి పట్టుకున్నారు. విక్స్ వారి జాబితాలో దాని సంఖ్య 46637. నాపా దుకాణాల్లో 6637. వాడుకలో దానికి పేరు లేదు, ఆ అంకెలే పేరు. పాత డబ్బాను పీకివేసి, టర్బో గొట్టానికి రబ్బరు జోడింపుతో ఈ ఫిల్టరును తగిలించి రెండు క్లాంపులు బిగిస్తే పని పూర్తి.

నేను కొన్నేళ్ళు పశ్చిమ టెక్సస్ పత్తిపొలాల ప్రాంతంలో ఉద్యోగం చేశాను. మా వీధిలో ఒక పెద్దాయన తన బండికి ఇదే పని చేసుకుంటుంటే పక్కన నిలబడి చూశాను. క్లాంపు బిగించాక ఆయన చేసిన పని నాకు బాగా నచ్చింది. ఫిల్టరును మరిచిపోయి, గొట్టం లోపలి అంచును తెల్లటి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నెల తరువాత మళ్ళీ విప్పి తుడిచి చూస్తానన్నాడు. గుడ్డకు మట్టి అంటితే కొత్త ఫిల్టరు ఎంత పెద్దదైనా దండగే అన్నాడు. ఇంజను ఎంత గట్టిగా గర్జిస్తోందని కాక గుడ్డ ఎంత తెల్లగా ఉందని చూసేవాడే అసలైన మెకానిక్కు అని నాకనిపించింది.

పెద్దదైతే ఏమిటి లాభం? కాగితం వైశాల్యం రెట్టింపు చేస్తే, అదే గాలి రెట్టింపు వెడల్పున పరుచుకుని సగం వేగంతో దాటుతుంది. గాలికి ఎదురయ్యే అడ్డు దాదాపు సగానికి తగ్గుతుంది. నెమ్మదిగా పోయే గాలి పట్టిన దుమ్మును కదిలించదు. పూడుకుపోవడానికి పట్టే కాలం రెట్టింపును మించుతుంది. అంటే ఊపిరి పెరిగింది, శుభ్రత తగ్గలేదు. చెల్లించిన మూల్యం ఒక్కటే, చోటు. ఎడారిలో స్పిట్‌ఫైరుకు దొరకని చోటు ఇక్కడ పికప్పుకు దొరికింది.

అయితే ఈ కథలో గొప్పలు కూడా ఉన్నాయి, వాటిని తూర్పారబట్టాలి. ఫిల్టరు అడ్డును నీటిమట్టపు అంగుళాల్లో కొలుస్తారు. వాయుమండలపు ఒత్తిడి అంతా కలిపి సుమారు 407 అంగుళాల నీటికి సమానం. ఫిల్టరును మార్చివేయవలసిన స్థితి డీజిలు బండ్లలో 25 అంగుళాల దరిదాపుల్లో వస్తుంది. అంటే పూర్తిగా మురికిపట్టిన ఫిల్టరు కూడా గాలి ఒత్తిడిలో ఆరు శాతాన్నే తినేస్తుంది. బాగున్న కంపెనీ ఫిల్టరును తీసి పెద్దది పెడితే మిగిలేది ఒకటి రెండు శాతం. అదే సమయంలో, డబ్బా లేని ఫిల్టరు బానెట్ కింది వేడిగాలిని పీలిస్తే నష్టం మొదలవుతుంది. గాలి మూడు డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే పది శాతం. రెండు శాతం సంపాదించడానికి పోయి పది శాతం పోగొట్టుకోవడమన్నమాట! అందుకే తెలిసినవారు పెద్ద ఫిల్టరు చుట్టూ రేకుతో గోడకట్టి, బయటి చల్లగాలి తగిలేలా గొట్టం పెడతారు. ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009 లో పెట్రోలు కార్లపై చేసిన అధ్యయనం మరొక భ్రమను తొలగించింది. ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలిచి అందించే ఆధునిక కార్లలో ఫిల్టరు మురికిపట్టినా మైలేజీ చెప్పుకోదగ్గంత తగ్గలేదు, బండి వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది. డీజిలు బండి పెద్ద ఫిల్టరు వల్ల వచ్చేది ముఖ్యంగా ఇంజను దీర్ఘాయువే. ఇంజను శబ్దం మారిందని అశ్వశక్తి పెరిగిందనుకోవడం డప్పు మోగిందని పెళ్ళయిపోయిందనుకోవడం వంటిది.

ఇంతవరకూ ఇంజను లోపలికి పోయే గాలి సంగతే చెప్పాను. బయటికి వచ్చే గాలి సంగతి లేకుండా ఈ చరిత్రను ముగిస్తే అది సగం చరిత్రే అవుతుంది. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 లో నిర్ధారించి మొదటి వర్గంలో చేర్చింది. అమెరికాలో 2007 నాటి నిబంధనలతో పెద్ద డీజిలు పికప్పుల పొగగొట్టంలోకి మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాకనే డీజిలు బండ్లలో అది మామూలైంది. లెక్క చూడండి. ఇంజను ముక్కుకు గుడ్డ కట్టడానికి ఒక సంస్థ పుట్టినది 1915 లో. ఆ ఇంజను నోటికి గుడ్డ కట్టినది 2007 లో. నడుమ 92 ఏళ్ళు! యంత్రం ఊపిరితిత్తుల మీద మనకున్న శ్రద్ధ మనిషి ఊపిరితిత్తుల మీదకు మళ్ళడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

పైగా కట్టిన గుడ్డను విప్పేవాళ్ళు కూడా బయలుదేరారు. అదే షెడ్డులో, అదే రెంచితో, అదే మనిషి ముందు పెద్ద ఫిల్టరు బిగించి, వెనక మసి ఫిల్టరును కోసి పారవేసే ఆచారానికి వారి వాడుకలో పేరు ‘డిలీట్’. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2020 నవంబరులో వెలువరించిన నివేదిక అంచనా ప్రకారం అంతకు ముందరి దశాబ్దంలో ఇలా కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించిన డీజిలు పికప్పులు 5,50,000 కు పైచిలుకు. వాటి జీవితకాలంలో అదనంగా వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు 5,70,000 టన్నులని, సన్నని ధూళికణాలు 5,000 టన్నులని ఆ నివేదిక లెక్కగట్టింది. తన ఇంజనులోకి గ్రాము దుమ్ము పోరాదని గుడ్డతో తుడిచి చూసుకునే శ్రద్ధ, తన ఇంజను నుండి పక్కవాడి పిల్లల ముక్కులోకి పోయే మసి విషయంలో ఏమైపోతుంది?

ఫిల్టరు పెద్దది చేసుకోవడాన్ని నేను తప్పుపట్టను. కన్నాలు పెంచక వైశాల్యం పెంచడమన్నది ఇంజనీరింగులోనే కాదు, బతుకులో కూడా గౌరవించదగిన పరిష్కారం. అడ్డుగా ఉన్నదాన్ని పీకి పారేయకుండా, దాని పని అది చేస్తూనే మనకు దారి ఇచ్చేలా దానికి మరింత చోటు కల్పించడమే అందులోని నీతి. ముందువైపు ఫిల్టరుకు ఆ న్యాయాన్ని వర్తింపజేసినవాడు వెనకవైపు ఫిల్టరుకు కూడా వర్తింపజేస్తే ఈ చరిత్రలో తగవే ఉండదు. నా చదువు నన్ను తెచ్చి నిలిపిన చోటు ఇదీ.

మాటల సంగతి ఇంకా తేలలేదు. సుడిగొట్టానికి ‘గాలిచేట’ అనీ, ఆయిల్ బాత్‌కు ‘నూనెకళ్ళాపి’ అనీ, కాగితపు ఫిల్టరుకు ‘ఊపిరిజల్లెడ’ అనీ నేను పేర్లు పెట్టుకున్నాను. నిఘంటుకారులు నవ్వితే నవ్వనీయండి. పొగగొట్టంలో మసిని పట్టే దానికి మాత్రం నాకు మాట తట్టలేదు. మన వంటింటి పొగచూరిన కాలపు మాటల్లో దానికి తగిన పేరేదైనా మీ ఇళ్ళలో పెద్దలకు తెలిసి ఉంటే చెప్పండి, చేర్చుకుంటాను.